సుప్రీంకోర్టు తీర్పును మనమే చదువుకోవడం ఎలా? ముగ్గురు పిల్లల కేసుతో మొదలుపెడదాం

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. మూడేళ్ళ కిందట ఒక ఉదయం ప్రార్థనలో జనగణమన పాడుతుంటే, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నిటారుగా నిలబడి, చేతులు పక్కలకు ఆనించి, పెదవులు మాత్రం కదపకుండా ఉండటం పీఈటీ సారు చూశారు. స్టాఫ్‌రూమ్‌కి పిలిపించారు. "పాడకపోతే జైలే మేడమ్, సుప్రీంకోర్టు చెప్పింది, ఇదిగో చూడండి" అని నాకు ఫోన్‌లో ఒక ఫార్వర్డ్ మెసేజ్ చూపించారు. ఏ కేసు, ఏ సంవత్సరం, ఎవరు జడ్జి, ఏమీ లేదు అందులో. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ, "నేను లేచి నిలబడ్డాను కదా టీచర్" అంది, అంతే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అసలు సుప్రీంకోర్టు ఏమందో వెతికాను. దొరికింది. చదివాను. అప్పటిదాకా తీర్పులంటే లాయర్లు చదువుకునేవి, మనకు పేపర్లో వచ్చిన వార్త చాలు అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి మతస్వేచ్ఛ మీద, పౌరహక్కుల మీద ఏ తీర్పు గురించి గొడవ వచ్చినా ముందు తీర్పు తెరుస్తున్నాను. ఎలా చదవాలో నేను తడుముకుంటూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నేను లాయర్ని కాను, మీరూ కానక్కర్లేదు. కాస్త ఇంగ్లీషు చదవగలిగి, ఒక పెన్సిలు, ఒక సాయంత్రం ఉంటే చాలు.

ముందు తీర్పు దొరకాలి. టాపిక్ పేరుతో వెతికితే వ్యాసాలు, వీడియోలు, చర్చలు అన్నీ వస్తాయి, తీర్పు తప్ప. కేసు పేరుతో వెతకండి. మన కేసు పేరు బిజో ఇమ్మాన్యుయేల్ వర్సెస్ స్టేట్ ఆఫ్ కేరళ. సుప్రీంకోర్టు వాళ్ళదే ఈ-ఎస్‌సీఆర్ అనే సైటు ఉంది, పాత తీర్పులు కూడా ఉచితంగా దొరుకుతాయి. ఇండియన్ కానూన్ సైటులోనూ పూర్తి పాఠం ఉంటుంది. సుప్రీంకోర్టు కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలు కూడా పెడుతోంది. అర్థం చేసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి, కానీ కోర్టులో చెల్లేది ఇంగ్లీషు పాఠమే కాబట్టి ఏదైనా కీలకమైన వాక్యం ఎవరికైనా చూపించబోతుంటే ఇంగ్లీషులోనూ ఒకసారి సరిచూసుకోండి.

కేసు పేరు పక్కన కనిపించే అంకెలు చూసి టెన్షన్ పడకండి. 1986, 3 ఎస్‌సీసీ 615 అని ఉంటే, ఎస్‌సీసీ (సుప్రీంకోర్ట్ కేసెస్) అనే తీర్పుల పత్రికలో 1986 సంవత్సరపు మూడో సంపుటం, 615వ పేజీ అని అర్థం. అదే తీర్పు ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్ అనే మరో పత్రిక) 1987 సుప్రీంకోర్టు 748 అని కూడా కనిపిస్తుంది. ఒకచోట 86, ఒకచోట 87 ఏమిటని నేను మొదట కంగారు పడ్డాను, రెండు వేర్వేరు తీర్పులేమో అనుకున్నాను. తీర్పు వచ్చింది 1986 ఆగస్టు 11న. రెండో పత్రిక దాన్ని మరుసటి ఏడాది సంపుటంలో వేసింది, అంతే. అందుకని తీర్పు వచ్చిన తేదీని విడిగా రాసిపెట్టుకోండి, అదొక్కటే మారదు.

మొదటి పేజీలో జడ్జీల పేర్లుంటాయి. వాటిని దాటేసి పోవద్దు, లెక్కపెట్టండి. ఈ కేసులో ఇద్దరు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్. తీర్పు రాసింది చిన్నప్పరెడ్డి గారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా చేసి సుప్రీంకోర్టుకు వెళ్ళిన మన తెలుగాయన. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం వేసింది, మా పిల్లలకు కూడా చెప్పాను. లెక్కపెట్టమనడానికి కారణం ఉంది. ఇద్దరు జడ్జీల తీర్పును ముగ్గురు, అయిదుగురు కూర్చున్న ధర్మాసనం మార్చగలదు, ఇద్దరు కూర్చుని అయిదుగురి తీర్పును కాదనలేరు. రాజ్యాంగానికి అర్థం చెప్పాల్సిన పెద్ద ప్రశ్న వస్తే కనీసం అయిదుగురు కూర్చోవాలని 145వ అధికరణ చెబుతుంది. మతం అంటే ఏమిటి, అందులో విడదీయరానివి ఏవి అన్న చర్చకు పునాది వేసిన 1954 నాటి శిరూరు మఠం కేసులో ఏడుగురు కూర్చున్నారు. అందుకే ఇప్పటికీ ప్రతి మతస్వేచ్ఛ కేసులో ఆ పేరు వినిపిస్తుంది.

ఇప్పుడు ఆఖరి పేజీకి వెళ్ళండి. నవలైతే అలా చదవకూడదు గానీ తీర్పును అలాగే చదవాలి. కోర్టు చివరికి ఏం చేయమంది, ఎవరిని చేయమంది? ఇక్కడ, హైకోర్టు తీర్పును పక్కన పెట్టి, పిల్లల్ని తిరిగి బడిలో చేర్చుకోవాలని, అడ్డు లేకుండా చదువుకోనివ్వాలని, అందుకు కావలసిన సదుపాయాలు ఇవ్వాలని అధికారులను ఆదేశించింది. ఇది తెలిశాక మొదటికి వచ్చి చదివితే, ప్రతి పేరా ఈ ముగింపు వైపు ఎలా వెళుతోందో కనిపిస్తుంది. లేకపోతే మధ్యలో ఒక పక్షం వాదన చదివి అదే కోర్టు మాట అనుకునే ప్రమాదం ఉంది. ఫార్వర్డ్ మెసేజ్‌ల్లో సగం తప్పులు ఇలా వచ్చేవే. "ప్రభుత్వం తరఫున వాదించారు" అని మొదలైన పేరాలోంచి ఒక వాక్యం తెంపి, "సుప్రీంకోర్టు చెప్పింది" అని తగిలిస్తారు.

తర్వాత కథ, అంటే కేసులో ఏం జరిగిందన్నది. దీన్ని నిదానంగా చదవండి, తొందరపడొద్దు. ముగ్గురు తోబుట్టువులు, పదో తరగతి, తొమ్మిది, అయిదు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. తమ దేవుడికి తప్ప మరి దేనికీ ప్రార్థన చేయకూడదని వాళ్ళ నమ్మకం, అందుకని జాతీయగీతం పాడరు, కానీ పాడినంతసేపూ మర్యాదగా లేచి నిలబడతారు. అంతకుముందు వాళ్ళ అక్కలు కూడా అదే బడిలో అలాగే చదివారు, ఎవరూ పట్టించుకోలేదు. 1985 జులైలో ఒక ఎమ్మెల్యే దృష్టికి వచ్చింది, ఆయన అసెంబ్లీలో ప్రశ్న వేశారు, కమిషన్ వేశారు. ఆ కమిషనేమో పిల్లలు బుద్ధిమంతులు, జాతీయగీతాన్ని అగౌరవపరచలేదు అని నివేదిక ఇచ్చింది. అయినా విద్యాశాఖ అధికారి ఆదేశంతో హెడ్‌మిస్ట్రెస్ జులై 26న పిల్లల్ని బడి నుంచి తీసేశారు. ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చేదాకానైనా కూర్చోనివ్వండి అని తండ్రి అడిగాడు. కుదరదని ఆమె కాగితం మీద రాసిచ్చారు. హైకోర్టులో ఒక జడ్జి దగ్గర, ఆ తర్వాత ఇద్దరు జడ్జీల దగ్గర కూడా పిల్లలు ఓడిపోయారు.

ఈ కథలో ఏ ముక్క తీసేస్తే తీర్పు మారిపోయేదో మీకు మీరే అడిగి చూసుకోండి, తీర్పు చదవడంలో అసలు పని ఇదే. పిల్లలు నిలబడకుండా కూర్చునే ఉంటే? పాడుతున్నవాళ్ళని అల్లరి చేసి ఆపి ఉంటే? పాడి తీరాలని చట్టసభ చేసిన చట్టం ఏదైనా ఉండి ఉంటే? నేను ఈ మూడింటి కిందా పెన్సిలు గీత పెట్టాను. ఆ గీతలు నాకు తర్వాత చాలా ఉపయోగపడ్డాయి.

ఇక ప్రశ్న పట్టుకోవాలి. కోర్టు దేనికి జవాబు చెబుతోంది? ఇక్కడ హైకోర్టు ఎక్కడ దారి తప్పిందో చూస్తే చాలా నేర్చుకోవచ్చు. హైకోర్టు జాతీయగీతాన్ని మాటమాటా పరిశీలించి, ఎవరి మతభావాలనూ నొప్పించే పదం గానీ ఆలోచన గానీ ఇందులో లేదు, కాబట్టి అభ్యంతరం చెల్లదు అంది. వినడానికి సబబుగానే ఉంది కదా! సుప్రీంకోర్టు మాత్రం అసలు ప్రశ్న అది కానేకాదంది. గీతంలో తప్పుందని పిల్లలు అనలేదు. యెహోవా సాక్షులు ఇండియాలో జనగణమన పాడరు, బ్రిటన్‌లో అక్కడి గీతం పాడరు, అమెరికాలో అక్కడిదీ పాడరు. వాళ్ళ నమ్మకం మనకు సబబుగా తోస్తుందా లేదా అని కోర్టు చూడదు. ఆ నమ్మకం వాళ్ళు నిజాయితీగా, మనస్ఫూర్తిగా పట్టుకున్నదేనా, వాళ్ళ మతాచరణలో భాగమేనా అని చూస్తుంది. ఈ ఒక్క పేరా కోసమైనా ఈ తీర్పు చదవమంటాను. పక్కవాడి నమ్మకం మనకు వింతగా అనిపించినంత మాత్రాన దానికి రక్షణ పోదని నాకు స్పష్టంగా అర్థమైంది ఇక్కడే.

కారణాలు చదివేటప్పుడు రాజ్యాంగం పక్కన పెట్టుకోండి, తెలుగు పుస్తకమైనా పర్లేదు. అధికరణ నంబరు వచ్చిన ప్రతిసారీ తీసి చదవండి. ఈ కేసులో ముఖ్యంగా రెండే. ఒకటి 19(1)(ఎ), భావప్రకటన స్వేచ్ఛ. మాట్లాడే హక్కులోనే మాట్లాడకుండా ఉండే హక్కూ ఉందంది కోర్టు. ఆ హక్కును తగ్గించాలంటే 19(2) ప్రకారం ఒక చట్టం ఉండాలి. మరి ఉందా? 1971 నాటి జాతీయ గౌరవ అవమానాల నిరోధక చట్టం చూశారు. దాని 3వ సెక్షన్, కావాలని జాతీయగీతం పాడనివ్వకుండా అడ్డుకున్నా, పాడుతున్న సభను భంగపరిచినా మూడేళ్ళ వరకు జైలు అంటుంది. మా పీఈటీ సారు మెసేజ్‌లోని జైలు ఇక్కడి నుంచి వచ్చిందన్నమాట! కానీ పాడనివ్వకుండా అడ్డుకోవడం వేరు, తాను పాడకపోవడం వేరు. జాతీయగీతాన్ని గౌరవించాలని పౌరుల విధులు చెప్పే 51ఎ అధికరణ అంటుంది, నిజమే, లేచి మర్యాదగా నిలబడటమే ఆ గౌరవం అంది కోర్టు. ఇక మిగిలింది కేరళ విద్యాశాఖ సర్క్యులర్లు. వాటి వెనుక ఏ చట్టమూ లేదు, శాఖ తనకు తాను రాసుకున్న సూచనలు. సర్క్యులర్‌తో ప్రాథమిక హక్కును కోయలేరు.

మీ జీవితంలో ఎక్కువగా పనికొచ్చేది ఈ చివరి మాటే అని నా అభిప్రాయం. మనల్ని ఆఫీసుల్లో, బళ్ళలో ఆపేది ఎక్కువసార్లు సర్క్యులరే. "పైనుంచి ఆర్డర్ వచ్చింది" అన్నప్పుడు, అది ఏ చట్టం కింద ఇచ్చారండీ అని మర్యాదగా అడగడం ఈ తీర్పు నాకు నేర్పింది.

రెండోది 25వ అధికరణ. ఇందులో మొదటి మాటలే చాలామంది చదవరు. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం, ప్రాథమిక హక్కుల భాగంలోని మిగతా నిబంధనలు, వీటికి లోబడి అని మొదలుపెట్టి, ఆ తర్వాతే ప్రతి ఒక్కరికీ అంతరాత్మ స్వేచ్ఛ ఉందంటుంది. అంటే హక్కూ అదే వాక్యంలో ఉంది, దాని హద్దూ అదే వాక్యంలో ఉంది. ఏ మతం కేసు చదివినా, అవతలి పక్షం ఈ హద్దుల్లో దేన్ని పట్టుకుంది అని వెతకండి.

చదవడం అయ్యాక తీర్పు చెప్పనివి కూడా రాసుకోండి. జాతీయగీతం వస్తుంటే కూర్చోవచ్చని ఈ తీర్పు ఎక్కడా అనలేదు, ఎందుకంటే ఆ పిల్లలు నిలబడ్డారు. బడిలో గీతం పాడించకూడదనీ అనలేదు. ఇందాక పెన్సిలుతో గీసిన గీతలు ఇందుకే. జడ్జీలు కేసుకు అవసరమై తేల్చిన మాట ఒకటి ఉంటుంది, దాన్ని లాయర్లు రేషియో అంటారు, మిగతా కోర్టులు కట్టుబడేది దానికి. సందర్భవశాత్తు చెప్పే మంచి మాటలు వేరు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం పాటిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అని ఈ తీర్పు చివర్లో ఉంది. నాకు కంఠస్థం వచ్చేసిన మాట అది. అయినా ఎవరితోనైనా వాదన వస్తే నేను పట్టుకునేది సర్క్యులర్ పేరానే, కేసును గెలిపించింది అదే కాబట్టి.

ఇది ఒకే తీర్పు, ఇద్దరూ ఒకే మాట అన్నారు కాబట్టి సులువు. అయిదుగురు జడ్జీలు మూడు నాలుగు తీర్పులు రాసినవి చదవాలంటే ఒక కాగితం మీద జడ్జీల పేర్లు వరసగా రాసి, ఒక్కొక్కరి ఎదురుగా రెండు గడులు గీయండి. ఏం తేల్చారు, ఎందుకు తేల్చారు. 2017 నాటి షాయరా బానో కేసు, అదే మూడుసార్ల తలాక్ కేసు, ఇలా గడులు వేసి చూస్తే తప్ప నాకు బుర్రకెక్కలేదు. 395 పేజీలు. 3:2 మెజారిటీతో తలాక్-ఎ-బిద్దత్‌ను కొట్టేస్తున్నామని ఆఖర్న ఒకే ఒక్క వాక్యంలో ఉంది. కానీ ఆ ముగ్గురి కారణాలు ఒకటి కావు. జస్టిస్ నారిమన్, జస్టిస్ లలిత్ అది ఇష్టారాజ్యంగా ఉంది, సమానత్వం చెప్పే 14వ అధికరణకు విరుద్ధం అన్నారు. జస్టిస్ కురియన్ జోసెఫ్ 14 జోలికి పోకుండా, ఖురాన్‌కే విరుద్ధమైనది ఇస్లామిక్ న్యాయం కాజాలదు అన్నారు. చీఫ్ జస్టిస్ ఖేహర్, జస్టిస్ నజీర్ ఇది 25 కింద రక్షణ ఉన్న పర్సనల్ లా (పెళ్ళి, విడాకుల్లాంటి వాటిలో ఒక మతంవాళ్ళకు వర్తించే చట్టం), మార్చాలంటే పార్లమెంటే చట్టం చేయాలి అన్నారు. కాబట్టి "పర్సనల్ లా అంతా 14 కింద కొట్టేయొచ్చని సుప్రీంకోర్టు తేల్చింది" అని ఎవరైనా అంటే, మీ గడుల కాగితం తీయండి. ఆ మాటకు అయిదుగురిలో మెజారిటీ లేదు.

ఇద్దరే కూర్చుని చెరో మాట అంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2022 అక్టోబరు 13న కర్ణాటక హిజాబ్ కేసులో అదే జరిగింది. తరగతిలో హిజాబ్ వద్దనడాన్ని సవాలు చేసిన అప్పీళ్ళను జస్టిస్ హేమంత్ గుప్తా కొట్టేశారు, జస్టిస్ సుధాంశు ధూలియా అనుమతించారు, విషయం పెద్ద ధర్మాసనం కోసం చీఫ్ జస్టిస్ ముందు పెట్టమన్నారు. ఆ రోజు మా బంధువుల గ్రూపులో ఇటువాళ్ళూ అటువాళ్ళూ తామే గెలిచామని శుభాకాంక్షలు చెప్పేసుకున్నారు. నిజానికి ఆ రోజు సుప్రీంకోర్టు ఏదీ తేల్చలేదు. మన ముగ్గురు పిల్లల కేసు ఆ తీర్పులో రెండు వైపులా చర్చకు వచ్చింది. జస్టిస్ ధూలియా అది ఈ కేసుకు సరిపోతుందన్నారు, జస్టిస్ గుప్తా అది వేరే సంగతి అన్నారు. ఒక పాత తీర్పును ఇద్దరు జడ్జీలు ఎలా చెరో చేత్తో పట్టుకుంటారో చూడాలంటే ఆ భాగం చదవండి.

అన్నిటికన్నా ఎక్కువమంది వదిలేసేది, తీర్పు ఇంకా బతికుందో లేదో చూసుకోవడం. 2016 నవంబరు 30న సినిమా హాళ్ళలో ఆట మొదలయ్యేముందు జాతీయగీతం తప్పనిసరిగా వేయాలని సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2018 జనవరి 9న అదే కోర్టు దాన్ని మార్చి, వేయడం తప్పనిసరి కాదు, హాలు వాళ్ళ ఇష్టం అంది. 2016 ఉత్తర్వు పట్టుకుని వాదించేవాళ్ళను నేను ఇప్పటికీ చూస్తున్నాను. అమెరికాలోనైతే జెండాకు సెల్యూట్ చేయని యెహోవా సాక్షుల పిల్లల్ని బడి నుంచి తీసేయొచ్చని 1940లో తీర్పు, మూడేళ్ళకే 1943లో అదే సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసింది. శబరిమల తీర్పు 2018లో 4:1తో వచ్చింది, 2019 నవంబరులో రివ్యూలో, అంటే తీర్పును మళ్ళీ పరిశీలించమన్న పిటిషన్లలో, కొన్ని పెద్ద ప్రశ్నలను మరింత పెద్ద ధర్మాసనానికి పంపారు. అందుకే కేసు పేరుతో పాటు రివ్యూ అని కలిపి మరోసారి వెతకండి. తర్వాతి తీర్పులు దీన్ని ఎక్కడ ఉదహరించాయో చూపించే లింకు ఇండియన్ కానూన్‌లో ఉంటుంది, అదీ నొక్కండి.

ఒక కేసు మీరే సొంతంగా ప్రయత్నిస్తానంటే, మన ఆంధ్రప్రదేశ్‌దే నారాయణ దీక్షితులు కేసు తీసుకోండి, 1996. దేవాదాయ చట్టం 1987లో అర్చకుల వంశపారంపర్య మిరాశీ హక్కుల్ని రద్దు చేసింది, అది మతంలో జోక్యమే అని అర్చకులు వెళ్ళారు. గుళ్ళో పూజ ఎలా చేయాలన్నది మతం, ఆ పూజ చేసే మనిషిని నియమించడం లౌకిక వ్యవహారం అని గీత గీసి కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. తర్వాత 2007లో చట్టాన్నే సవరించి వంశపారంపర్య అర్చకుల విషయంలో కొంత మార్చారు. మీ ఊరి గుడి, మీకు తెలిసిన అర్చకుల ఇల్లు గుర్తుపెట్టుకుని చదివితే, రెండు వైపులా ఏం పణంగా ఉందో బాగా అర్థమవుతుంది.

మర్నాడు నేను ఆ తీర్పులో రెండు పేజీలు ప్రింటు తీసి, సర్క్యులర్ల పేరా పక్కన, 3వ సెక్షన్ పేరా పక్కన గీత పెట్టి, మొదటి పేజీ పైన కేసు పేరు, తేదీ రాసి పీఈటీ సారుకు ఇచ్చాను. ఆయన గ్రౌండులో వేపచెట్టు కింద నిలబడే చదివారు, రెండుసార్లు. "అయితే నిలబడితే చాలన్నమాట మేడమ్" అన్నారు. అవునండీ అన్నాను. ఆ కాగితాలు హెడ్‌మాస్టర్ గారి ఫైల్లో పెట్టించాం.

మీకు కాగితం ఇచ్చినా వినకపోతే, అభ్యంతరం నోటితో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆ తండ్రికి హెడ్‌మిస్ట్రెస్ రాసిచ్చిన జవాబు లాంటిదే మీ దగ్గరా ఒకటి ఉండాలి. తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఫోన్ చేయాలంటే 15100.